పందొమ్మిదో మేకు

లేఅవుట్ గది, మూడో అంతస్తు
జూన్ 4

సర్వేయర్ గారికి నమస్కారం.

ఈ ఉదయం గది ఊడ్చే ఆవిడ చెత్త చేటలో ఎర్ర తల గుండుసూది ఒకటి కనిపించింది. గోడ మీది రేడియో టెలిస్కోపు పటం దగ్గరికి వెళ్ళి లెక్కపెట్టాను. యాంటెన్నాకి ఒకటి చొప్పున ముప్ఫై సూదులు ఉండాలి, ఇరవై తొమ్మిదే ఉన్నాయి. రాలిపడింది పందొమ్మిదో యాంటెన్నాది.

సూది మళ్ళీ అదే చిల్లులో గుచ్చాను. గుచ్చుతుంటే గుర్తొచ్చింది, మీరు పంపిన మేకుల నివేదికలోనూ పందొమ్మిదో వరస ఖాళీగా ఉంది. మిగతా యాంటెన్నాలన్నిటికీ మేకు పాతామని, నేల మెత్తదో గట్టిదో, పునాదికి పనికొస్తుందో లేదో రాశారు. పందొమ్మిది దగ్గర ఏమీ లేదు. దయచేసి చూసి తెలియజేయగలరు.

శిబిరంలో సెల్‌ఫోన్లు వాడనివ్వరని తెలుసు. వైరు ఫోను ఒకటి ఉంది కానీ అది ఇంజనీరు గారి బల్ల మీద ఉంటుందని, గుడారమంతా వింటుందని చెప్పారు. అందుకని ఈ కాగితం డ్రాయింగుల గొట్టంలో పెట్టి గురువారం నీళ్ళ లారీలో పంపుతున్నాను.

విధేయురాలు,
లేఅవుట్ సహాయకురాలు


శిబిరం, నీళ్ళ ట్యాంకు పక్క గుడారం
జూన్ 6

లేఅవుట్ మేడమ్ గారికి,

గొట్టంలోంచి డ్రాయింగు లాగితే ముందు మీ ఉత్తరం జారిపడింది. ఇక్కడికొచ్చి మూడు నెలలైంది. ఫైలు నంబరు లేకుండా నాకొచ్చిన మొదటి కాగితం ఇదే.

పందొమ్మిది సంగతి. అక్కడ అడుగు లోతునే రాయి తగిలిందండి. గునపం వేస్తే ఎగిరి మన మీదికే వస్తోంది. తూర్పుకి నలభై మీటర్లు జరిగితే నేల బాగుంది. జరపొచ్చో లేదో మీరే చెప్పాలి.

ఫోన్ల సంగతి మీరు విన్నది తక్కువే. ఇక్కడ చెవులకి డిప్పలు తగిలించుకుని రోజంతా కూర్చునే ఆయన ఒకరున్నారు. ఈ మైదానంలో మనుషులు పుట్టించే రేడియో గోల ఎంతుందో కొలవడం ఆయన పని. చెవుల మాస్టారు అంటాం. ఆకాశం నుంచి వచ్చేది దోమ రెక్కల చప్పుడంత కూడా ఉండదట, జేబులో ఫోనుంటే దాని పక్కన డప్పు కొట్టినట్టట. నా బ్యాటరీ గడియారం కూడా తీయించారు. పెట్రోలు బండి రానివ్వరు, ఇంజన్లో నిప్పురవ్వ పుడుతుందని. నీళ్ళ లారీ డీజిలుది కాబట్టి బతికిపోయింది. మొన్న వంటాయన గట్టిగా తుమ్మితే, ‘మీ మీటరు ముల్లు కదిలిందా మాస్టారూ, నన్ను కూడా ఊరు దాటిస్తారా’ అని అడిగాడు. మాస్టారు నిజంగానే మీటరు చూసి, లేదులే ఉండు అన్నారు.

ఏ మేకు ఎక్కడ పాతాలో చెప్పే చీటీలు రాసేది మీరేనా? ఏడు అంకె నడుం మీద అడ్డంగా చిన్న గీత ఉంటుంది. నాకు కొలకర్ర పట్టుకునే తాత ఆ గీత చూసి, ఈ పిల్లకి ఎవరో భయం పెట్టి చదువు చెప్పారు అన్నాడు.

ఇట్లు,
సర్వేయర్


లేఅవుట్ గది
జూన్ 18

సర్వేయర్ గారికి,

ఈ ఉదయం పెన్సిలు చెక్కుతుంటే పొట్టు ఎక్కడా తెగకుండా ఒకటే చుట్టగా వచ్చింది. పారేయబుద్ధి కాలేదు.

తాతగారు సరిగ్గానే పోల్చుకున్నారు. కాన్వెంటులో మాకు రాత నేర్పిన సిస్టర్ ఏడుకి గీత పెట్టకపోతే పేజీ చింపేసేది. ఉత్తరాలు రాయడమూ ఆవిడే నేర్పింది. ‘నేను’ అనే మాటతో మొదలుపెట్టకూడదు. ఆ రోజు చూసిన వస్తువు ఒకటి ముందు రాయాలి, తర్వాత పని. ఒకటే కాగితం, మూడు మడతలు. అబద్ధం రాయకూడదు. చెప్పలేనిది ఉంటే ఊరుకోవాలి.

ఇప్పుడు పని. మీరు రాయి ఉందన్నారు కాబట్టి పందొమ్మిదిని నలభై మీటర్లు తూర్పుకి జరిపి షీటు గీశాను. దాంతో తీరలేదు. ముప్ఫై యాంటెన్నాల్లో ఏ రెండిటిని తీసుకున్నా అదొక జత. అలా నాలుగు వందల ముప్ఫై ఐదు జతలు. ఒక్కో జతా తన మధ్య దూరాన్ని బట్టి, దిక్కుని బట్టి ఆకాశాన్ని ఒక్కో కొలతలో చూస్తుంది. రెండు జతలకి ఒకే దూరం, ఒకే దిక్కు వస్తే రెండూ ఒకటే చూస్తాయి, ఒకటి దండగ. పందొమ్మిది జరగ్గానే దానికీ ఏడుకీ మధ్య దూరం, ఇరవై రెండుకీ పదకొండుకీ మధ్య దూరం దిక్కుతో సహా అచ్చుగుద్దినట్టు ఒకటైపోయాయి. అందుకని పదకొండుని ముప్ఫై మీటర్లు ఉత్తరానికి జరిపాను. చీటీలు జతచేశాను. పదకొండు దగ్గర కొత్త చోట నేలెలా ఉందో రాయగలరు.

మా పెద్దాయన, అంటే ఈ లేఅవుట్‌కి బాధ్యుడు, దీన్ని అల్లిక పని అంటాడు. ఒక కుట్టు లాగితే మోచెయ్యి దగ్గర ముడుచుకుంటుందని.

ఇట్లు,
లేఅవుట్ సహాయకురాలు


శిబిరం
జూలై 4

మేడమ్ గారికి,

నాకు రాత నేర్పిన సిస్టర్ ఎవరూ లేరు కాబట్టి నేను అనే మొదలుపెడతాను. నేను మేకులు మార్చాను. పందొమ్మిది శిబిరానికి ఎనిమిది కిలోమీటర్లు, పడమటి అంచున. పదకొండు ఇంకో కొస. తాత రెండు రోజులు కొలకర్ర భుజాన వేసుకుని నడిచాడు. సాయంత్రం కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని, ‘ఆ పిల్లకి మైదానం అరచేయంత కనిపిస్తున్నట్టుంది’ అన్నాడు. పదకొండు దగ్గర నేల బాగుంది.

మీ పటం మీద ఇదెలా ఉంటుందో తెలీదు కానీ ఇక్కడ ఒక మేకు దగ్గర నిలబడితే తర్వాతి మేకు కనిపించదు. ఎండిన గడ్డి, దాని మీద గాలి. ఎనిమిదో మేకు మీద పిట్ట ఒకటి రోజూ పది గంటలకి వచ్చి కూర్చుంటుంది. గడియారం పోయాక నాకదే గడియారం.

ఒక సందేహం. నడిమధ్యన ఆరేడు యాంటెన్నాలు పక్కపక్కనే ఎందుకు పెట్టారు? దూరం ఎక్కువైతే చూపు సన్నగా ఉంటుందని విన్నాను. అలాంటప్పుడు అన్నీ దూరంగానే పెట్టొచ్చు కదా?

సెప్టెంబరు 30న లేఅవుట్‌కి సీలు వేస్తారట. ఆ మర్నాడే మా జట్టుని ఆనకట్ట సర్వేకి పంపిస్తున్నారు. ఇక్కడి నుంచి రెండు రోజుల రైలు. అక్కడ లేఅవుట్ గదితో పనుండదు. వంటాయన నా వెనకాల నిలబడి, ‘పందొమ్మిదో మేకుకి ఇన్ని కాగితాలైతే ముప్ఫై అయ్యేసరికి మీకు మనవలు పుడతారు’ అంటున్నాడు. చారు మాడిపోతోందని పంపించేశాను.

సర్వేయర్


లేఅవుట్ గది
జూలై 16

సర్వేయర్ గారికి,

బస్సులో ముందు సీటామె ఒళ్ళో ఉన్న సంచిలోంచి ఉల్లికాడలు బయటికొచ్చి ప్రతి మలుపుకీ తల ఊపాయి.

మీ సందేహం మంచిది. కొత్తగా చేరినప్పుడు నాకూ ఇదే వచ్చింది. ఎడంగా ఉన్న జత సన్నటివాటిని చూస్తుంది, అంచులు, చుక్కలు. పెద్దవాటిని, ఆకాశంలో అంతటా పల్చగా పరుచుకుని ఉండేవాటిని చూడలేదు. దానికి దగ్గరి జతలు కావాలి. అవి లేకపోతే పెద్దవి మసగ్గా కూడా కనిపించవు. అసలు లేనట్టే ఉంటుంది బొమ్మ. చూసేవాళ్ళకి లోటు తెలియదు కూడా.

అలాగని మరీ దగ్గరగా పెట్టకూడదు. డిష్షు వెడల్పు కంటే దగ్గరైతే ఒకటి వాలినప్పుడు దాని నీడ పక్కదాని మీద పడుతుంది. ఎంత దగ్గరగా ఉండొచ్చో తేల్చడమే ఈ పనిలో కష్టం. పెద్దాయన ఆ ఆరేడు యాంటెన్నాలకి రెండేళ్ళు పట్టించాడు.

గొట్టం శనివారం వస్తుంది. ఆ రోజు సగం పూట పని కాబట్టి మీ కాగితం ఇంటికి తీసుకెళ్తాను. ఇల్లంటే పిన్ని ఇల్లు. అమ్మ పోయాక పిన్నే నన్ను పెంచింది. తలుపు తీస్తూనే, ‘ఆఫీసు ఉత్తరమైతే ముఖం కడుక్కుని మరీ చదవాలా’ అంది.

రెండు రోజుల రైలని మీరు రాసింది పటంలో చూశాను. ఆ పటానికి గోడ చాలలేదు. బల్ల మీద పరిచాను.

లేఅవుట్ సహాయకురాలు


శిబిరం
ఆగస్టు 1

మేడమ్,

మీ ఉత్తరం చెవుల మాస్టారికి చూపించాను, పని ఉన్న పేరా మాత్రమే. ఇంత చక్కగా మా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు అన్నారు. తర్వాత డిప్పలు తీసి, ‘మిగతా సగం ఎందుకు మడిచావు’ అని అడిగారు.

లేనట్టే ఉంటుంది బొమ్మ అని రాశారు. రెండు వారాలుగా దాని గురించే ఆలోచిస్తున్నాను. నాలుగు వందల కిలోమీటర్ల నుంచి మీ గురించి నాకు తెలిసినవి అన్నీ సన్నటివే. ఏడు మీద గీత, పెన్సిలు పొట్టు, మూడు మడతలు. మీరు ఎలా నవ్వుతారో తెలీదు. అసలు నవ్వుతారో లేదో తెలీదు.

మీ ఆఫీసు వాళ్ళందరూ ఒకసారైనా లారీ ఎక్కి వచ్చారు. టైపు చేసే ఆయన కూడా వచ్చి ఎండదెబ్బ తిని వెనక్కి వెళ్ళాడు. లేఅవుట్ గీసిన మనిషి ఒక్కరే రాలేదు. ఎందుకండి?

మార్చిలో పని మీద మీ మూడో అంతస్తుకి వచ్చాను. గొట్టం కావాలంటే బీరువా అవతల నుంచి ఒక చెయ్యి అందించింది. మధ్యవేలికి నల్ల సిరా. మనిషి కనిపించలేదు. అది మీరేనా అని అడగాలని ఎన్నిసార్లో అనుకుని, ఇప్పుడు అడుగుతున్నాను.

సర్వేయర్


పిన్ని ఇల్లు, వంటింటి బల్ల
ఆగస్టు 13

సర్వేయర్ గారికి,

కిటికీ చట్రానికీ గోడకీ మధ్య పగుల్లో గడ్డిపరక ఒకటి మొలిచింది. పిన్ని చూడకముందే చూశాను.

ఆ చెయ్యి నాదే. మీరు అంతస్తు ఎక్కి వస్తున్నప్పుడే అడుగులు వినిపించాయి. ఎక్కువ దూరం నడిచే మనిషి అనుకున్నాను, మెట్లు కూడా లెక్కపెట్టి ఎక్కుతున్నట్టు ఉన్నారు. బీరువా చుట్టూ తిరిగి రావడానికి నాలుగడుగులు చాలు. రాలేకపోయాను. మీరు వెళ్ళాక కిటికీలోంచి చూస్తే వీధి మలుపు దగ్గర గొట్టం ఒకటే కనిపించింది, భుజం మీద.

మైదానానికి ఎందుకు రాలేదంటే, పెద్దాయన మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ పనుందన్నాను. పని ఉన్నమాట నిజమే. కాగితం మీద ఆ నేలని గుర్రంలా పరిగెత్తించగలను. అక్కడికొస్తే దానికి నేను నచ్చనేమో అనిపిస్తుంది. ఇది మీకు నవ్వులాటగా ఉండొచ్చు.

నవ్వుతాను. చప్పుడు రాదు. స్కూల్లో అలవాటైంది.

సీలుకి ఇంక ఏడు వారాలు. సీలు పడ్డాక మేకుల గురించి రాయడానికి ఏమీ ఉండదు. నేల బాగాలేని చోట్లు ఇంకేవైనా ఉంటే ఈలోగా రాయగలరు.


శిబిరం
ఆగస్టు 29

మేడమ్,

మీ చివరి వాక్యం రెండు వారాలుగా రోజూ తీసి చదువుతున్నాను. చెప్పేస్తాను.

పందొమ్మిది దగ్గర రాయి లేదు.

మొదట మేకు పాతి కూడా ఆ వరస ఖాళీగా వదిలింది మరుపే. మీ ఉత్తరం వచ్చిన రోజే తాతతో వెళ్ళాను. గునపం రెండడుగులు వెన్నలో దిగినట్టు దిగింది. నేల మెత్తగా ఉంది, పనికొస్తుంది అని రాస్తే ఒక్క లైను. మీరు దాన్ని ఫారంలో ఎక్కించుకుంటారు, అయిపోతుంది. రాయి ఉందంటే ఇంకో ఉత్తరం వస్తుంది. అంతే ఆలోచించాను. నలభై మీటర్లేగా అనుకున్నాను.

మీరు జతల లెక్క రాసినప్పుడు తెలిసొచ్చింది. పదకొండు కూడా నా మూలంగా కదిలింది. అప్పుడే చెప్పాల్సింది. కానీ ఆ ఉత్తరంలోనే మీరు సిస్టర్ గురించి రాశారు, అబద్ధం రాయకూడదని. తాతకి మొదటి రోజే తెలుసు. ‘రాయి ఎక్కడుంది నాయనా, నీ నోట్లోనా?’ అన్నాడు.

రెండేళ్ళు కూర్చుని తేల్చిన పనిని ఒక్క అబద్ధంతో చెడగొట్టాను. నేను నిజం చెబుతానన్న నమ్మకం మీదే కదా మీరు అక్కడ కూర్చుని గీస్తారు. సర్వేయర్ మాట తప్పైతే ఇంక వాడితో పనేముంది. మీరు ఏమన్నా పడతాను. ఏదో ఒకటి అనండి.


శిబిరం
సెప్టెంబర్ 12

రెండు లారీలు వచ్చాయి. గొట్టాల్లో డ్రాయింగులే ఉన్నాయి. రెండోది తలకిందులు చేసి దులిపాను కూడా. తాత చూసి అటు తిరిగాడు.

మీ పెద్దాయనకి జరిగినదంతా రాసి పెట్టాను. మీ తప్పేమీ లేదని మొదటి లైన్లోనే రాశాను. ఈ ఉత్తరంతో పాటు పంపుదామనుకున్నాను. ముందు మీకు చెప్పకుండా పంపడం ఇంకో అబద్ధంలా అనిపించి ఆగాను. వచ్చే శనివారం గొట్టంలో వెళ్తుంది. ఆ తర్వాత ఈ ఉద్యోగం ఉంటే ఆనకట్టకి వెళ్తాను, లేకపోతే లేదు.

ఎనిమిదో మేకు మీది పిట్ట వారంగా రావడం లేదు.


లేఅవుట్ గది
సెప్టెంబర్ 17

మీకు,

ఈ ఉదయం భూతద్దం పెట్టి గోడ పటం చూశాను. పందొమ్మిది దగ్గర చిల్లు ఒకటే ఉంది. పదకొండు దగ్గరా ఒకటే.

పెద్దాయనకి ఏమీ పంపకండి. రాసింది చింపేయండి. ఆయన బల్ల మీద ఉన్న షీటులో పందొమ్మిది మీరు మొదట పాతిన చోటే ఉంది, పదకొండూ అంతే. ఆ షీటు మే నెలలో వెళ్ళింది, తర్వాత మారలేదు. జరిపిన షీటు గీసింది నిజం. పదకొండు జరగాల్సి వచ్చిందీ నిజమే, లెక్క సరిగ్గానే చేశాను. అది నా బల్ల మీదే ఉండిపోయింది. గీశానని మీకు రాశాను, ఆయనకి ఇచ్చానని రాయలేదు. పాత ఉత్తరాలు దాచి ఉంటే చూసుకోండి.

అందుకని రెండు మేకులూ పాత చోటికి మార్చాలి. తాతగారికి నా క్షమాపణ చెప్పండి. ఆయన అంత దూరం నడిచింది మీ ఒక్కరి వల్ల కాదు.

రెండు వారాలు రాయకపోవడం కోపం వల్ల కాదు. ఇది ఒకటే కాగితంలో పట్టలేదు. ఏడుసార్లు తిరగరాశాను. పిన్ని బుట్టలో ఉండలు చూసి, ‘ఆ సర్వేయర్ కొలిచిన నేల కంటే నువ్వు చింపిన కాగితమే ఎక్కువుంది’ అంది. ఉత్తరాలు చదవలేదు, చదవాల్సిన అవసరం లేదని చెప్పింది.

సీలు వేసే ముందు ముప్ఫై మేకులూ స్వయంగా చూసి ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. సోమవారం పెద్దాయన, ఎవరు వెళ్తారు అని అడిగాడు. చెయ్యెత్తాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, ‘నువ్వేనా?’ అన్నాడు. నేనే అన్నాను. ఆ మాట గదిలో అందరికీ వినిపించేంత గట్టిగా వచ్చింది.

ఇరవై ఐదో తేదీ గురువారం లారీలో వస్తున్నాను. ఫోను, గడియారం ఇక్కడే వదిలేస్తాను, చెవుల మాస్టారికి చెప్పండి. ఐదు రోజులుంటాను. రాళ్ళూ మేకులూ చూడ్డానికి ఇస్త్రీ ఎందుకే అని పిన్ని ఇప్పటికే రెండుసార్లు అడిగింది.

లారీ దిగాక ఏం మాట్లాడాలో నాకు తెలీదు. మీరు కాసేపు నేల గురించి మాట్లాడండి, ఈలోగా అలవాటు పడతాను. ముందు పందొమ్మిది దగ్గరికి తీసుకెళ్ళండి. గునపం కూడా తీసుకురండి.

మీరు రాకముందు మైదానమంతా బోర్లు వేసి నేల పరీక్షించిన వాళ్ళ రిపోర్టు ఏప్రిల్ నుంచి నా సొరుగులో ఉంది. పందొమ్మిది దగ్గర ఇరవై అడుగుల లోతు దాకా మట్టే.